లెక్కలో లేని కుర్చీలు

కడప, కర్నూలు ఊళ్ళలో కొత్త ఇల్లు కట్టుకునే కుటుంబాల్లో గృహప్రవేశానికి ముందు తరచూ ఒక తగవు వస్తుంది: భోజనాల బల్ల ఎంతది చేయించాలి? నలుగురిదా, ఆరుగురిదా, పదిమందిదా? చూడటానికి చిన్న సంగతి. కానీ ఆ ఇంట్లో ఎవరు ఎవరితో కలిసి తింటారు, ఎవరు నిలబడి వడ్డిస్తారు అన్నది ఆ బల్లతో చాలా ఏళ్ళకు స్థిరపడిపోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా నమ్మకం. ఈ తగవులో రెండు వైపులా బలమైన మాటలున్నాయి. వాటిని ఒక అక్క నోట, ఒక తమ్ముడి నోట పెడుతున్నాను. ఇద్దరూ కర్నూల్లో పుట్టి పెరిగినవాళ్ళు. అక్క మెట్టినిల్లు కడప. కొడుకు కువైట్‌లో, కూతురు బెంగళూరులో. తమ్ముడికి కర్నూల్లో వడ్రంగి షాపు ఉంది. వాళ్ళమ్మ అక్క దగ్గరే ఉంటుంది.

అక్క: 8 అడుగుల పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు. పైన మన నల్ల బండ. రాసుకో.

తమ్ముడు: రాసుకుంటా గానీ, ముందు ఒకటి చెప్పక్కా. రోజూ ఆ బల్ల మీద తినేది ఎంతమంది?

అక్క: నేను, మీ బావ, అమ్మ.

తమ్ముడు: ముగ్గురికి 8 అడుగుల బల్ల ఎందుకు? పెద్ద బల్లలు చేసి ఇచ్చిన ఇండ్లకు పాలిష్ కోసమో, ఊగుతాండే కాలు బిగించేదానికో మళ్ళీ పోతాంటా. పోయి చూస్తే ఒక మూల రెండు పళ్ళేలు పెట్టుకునేంత జాగా ఉంటాది. తక్కినదంతా మందుల డబ్బాలు, కరెంటు బిల్లులు, ఇస్త్రీకి పోవల్సిన బట్టలు, పెండ్లి పత్రికలు. ఇంటాయన టీవీ ముందర కూచోని తింటాంటాడు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. బల్ల మాత్రం వాళ్ళు బళ్ళో చదివేటప్పటి కుటుంబానికి చేసిన కొలత.

అక్క: పండగకు వస్తారు కదా. ఉగాది పొద్దున దేవుని కడపలో వెంకటేశ్వరసామి గుడికి పోతాం. ఆ పొద్దు ముస్లింలు గూడా బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆ సామి మా అల్లుడు అని వచ్చి మొక్కుకుంటారు. ఆ గుంపులో నుంచి బయటపడి మనోళ్ళందరూ నేరుగా యాడికి వస్తారు? ఈ ఇంటికే. పోయిన ఉగాదికి నువ్వూ ఉన్నావు.

తమ్ముడు: ఉన్నా. పదిమందిమి. హాల్లో చాపలు పరిచి విస్తళ్ళు వేసినారు, తిన్నాం, లేచినాం. దానికి బల్ల యాడ కావల్సొచ్చింది? బంతికి కొలత లేదక్కా. పది మంది వస్తే రెండు చాపలు, నలభై మంది వస్తే ఎనిమిది. 1866 కరువులో మన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేల మందికి అన్నం పెట్టినాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. అంత మందిని కూచోబెట్టేదానికి ఆయనకు నేల చాలింది. మా కర్నూలు పాతూర్లో ముస్లింల ఇండ్లల్లో దస్తర్‌ఖాన్ పరుస్తారు. ఒక గుడ్డ, అంతే. మనుషులు ఎక్కువైతే ఇంకొక గుడ్డ. తిన్నాక దులిపి మడిచి పెడితే గది మళ్ళీ పడుకునే గది. సిక్కుల గురుద్వారాల్లో లంగరు గూడా నేల మీదనే, గొప్పోడైనా కూలోడైనా ఒకే వరసలో. ఇన్ని జాతులు ఇన్ని వందల ఏండ్లు నడిపిన పద్ధతిని తీసేసి, నువ్వు ఏడాదికి మూడు పొద్దుల కోసం గదినంతా బల్లతో నింపుతానంటాండావు.

అక్క: లంగరు సంగతి వేరు, మన బంతి సంగతి వేరు. మన బంతి అందరినీ ఒకటి చేసిందని మాత్రం నా ముందర చెప్పొద్దు. ఎవరు ఏ బంతిలో కూచోవాలో, ఎవరు పెరట్లో కూచోవాలో, ఎవరు కూచోనే కూడదో ఊరంతటికీ తెలుసు. గాంధీ కాలంలో అందరూ ఒక వరసలో కూచోని తినేదానికి సహపంక్తి భోజనం అని ప్రత్యేకంగా పేరు పెట్టి, నాయకులు ముందు నిలబడి జరపాల్సొచ్చింది. మామూలు బంతి అందరిదీ అయ్యుంటే ఆ పేరుతో పనేముంది?

తమ్ముడు: అది ఊరి బంతి. ఇంటి బంతిలో ఆ తేడాలు లేవు కదా.

అక్క: లేవా? మొదటి బంతి మగోళ్ళు. రెండో బంతి పిల్లలు. ఆఖరుకు మేము. పోయిన ఉగాదినాడు మేము కూచునేసరికి మూడు దాటింది. పప్పు అడుగంటింది, చిత్రాన్నం మెతుకులు గట్టిపడినాయి. ఓళిగలు చినిగిపోయినవే మిగిలినాయి, మంచివన్నీ విస్తళ్ళకు పోయినాయి. నీ పెండ్లాము కూచోనే లేదు. గట్టుకు ఆనుకోని నిలబడే తినింది. ఇంకొకటి అడుగుతా చెప్పు. ఆ పొద్దు అమ్మ యాడ కూచోని తినింది?

తమ్ముడు: అమ్మ... మాతోనే కదా.

అక్క: కాదు. అమ్మ మోకాళ్ళు వంగి ఎన్నేండ్లైందో నీకు తెలుసు. మీరందరూ చాపల మీద కూచుంటే అమ్మ ఆ కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకోని తినింది. చారు పోస్తానంటే వద్దనింది. పళ్ళెం వంగితే చీర మీద ఒలుకుతాదని. అమ్మకు చారు లేకుండా అన్నం దిగదు. అన్నం సగం తిని పళ్ళెం నా చేతికిచ్చింది.

నేల మీద కూర్చుని తినడం ఒంటికి మంచిదని చెప్పేవాళ్ళు మన మధ్య చాలామంది ఉన్నారు. వంగగలిగిన మోకాళ్ళకు మంచిదే కావచ్చు. వంగలేని మనిషిని పండగపూట ఒక మూల వేరుగా కూర్చోబెట్టి, తక్కినవాళ్ళు కింద వరసగా కూర్చుని, దాన్ని సంప్రదాయం అనుకోవడం నాకు సమ్మతం కాదు. తమ్ముడికీ ఇక్కడ మాట తడబడింది. కానీ బల్ల వద్దన్న మాట మానుకున్నా, పెద్ద బల్ల వద్దన్న మాట అతను మానుకోలేదు. పనివాడు కాబట్టి టేపు తీశాడు.

తమ్ముడు: సరేక్కా, బల్లే చేద్దాం. కానీ నువ్వు చెప్పిన కొలత తప్పు. మనిషి ఒకరికి బల్ల అంచున 2 అడుగులు కావల్ల. అది కనీసం. మన తిండికి నేను ఇంకో 2 అంగుళాలు వేస్తా. సంగటి ముద్ద పెట్టే పళ్ళెం పెద్దది, పక్కన పులుసు గిన్నె, ఇంకోపక్క నీళ్ళ చెంబు. ఇంక వెడల్పు. మన పళ్ళెం 13 అంగుళాలు. ఎదురెదురుగా రెండు పెడితే 26. బజారులో రెండున్నర అడుగుల వెడల్పు బల్లలు అమ్ముతారు చూడు, దాంట్లో మధ్యన మిగిలేది 4 అంగుళాలు. ఉప్పు గిన్నె తప్ప ఇంకేమీ పట్టదు. సంగటి తపేలా యాడ పెడతావు? ఊరిమిండి గిన్నె యాడ పెడతావు? వంటింట్లోనే పెడతావు. అప్పుడు ఒకరు గెంటె పట్టుకోని తిరగల్ల.

అక్క: ఆ ఒకరు నేనే.

తమ్ముడు: వెడల్పు 3 అడుగులుంటే మధ్యన 10 అంగుళాలు దొరుకుతాది. తపేలా కూచుంటాది, ఎవరికి వాళ్ళు పెట్టుకుంటారు. నువ్వు చెప్పిన మూడున్నర అయితే మధ్యన ఇంకా జాగా ఉంటాది గానీ, అమ్మ చెయ్యి ఆడికి అందదు. కాబట్టి 3 చాలు. ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ 18. ఇంక పొడుగు. కుర్చీ వెనక్కి జరిపి మనిషి లేయాలంటే, వాళ్ళ వెనక ఇంకొకరు పోవాలంటే చుట్టూ 3 అడుగులు వదలల్ల. నీ భోజనాల గది 10 ఇంటూ 12. బల్ల 8 అడుగులు, రెండు కొసల్లో మూడు మూడు, మొత్తం 14. గది 12. యాడ పట్టిస్తావు?

అక్క: ఒక కొస గోడకు ఆనిస్తే?

తమ్ముడు: ఆనిస్తే ఆ కొసన కుర్చీ పోతాది. గోడ వైపు కూచున్న మనిషి మధ్యలో లేయాలంటే అందరి కుర్చీల వెనక నుంచి రావల్ల. అమ్మ లేయాలంటే ఇంకా కష్టం.

అక్క: గుండ్రటిది చేస్తే? చైనావాళ్ళ హోటళ్ళలో మధ్యన తిరిగే పలక పెడతారంటనే, గిన్నె మన ముందుకే వస్తాదంట.

తమ్ముడు: నాలుగడుగుల గుండ్రానికి చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. ఆరుగురు కొంచెం ఇరుగ్గా కూచుంటారు. పది మందికి 7 అడుగుల గుండ్రం కావల్ల. అది నీ తలుపులో దూరదు.

అక్క: సరే, గుండ్రం వద్దు. కానీ బండ మాత్రం నేను వదలను. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూల్లోకి వచ్చినప్పుడు మన ఇంట్లో ఏం మిగిలింది? నీళ్ళు తీసినాక నేను వచ్చి చూసినా కదా. ప్లైవుడ్ అల్మారా ఉబ్బి, పొరలు పొరలుగా ఊడిపోయింది. పొట్టు అదిమి చేసిన పలకలైతే చేత్తో పట్టుకుంటే విరిగినాయి. వంటింటి బండ బురద కడిగితే మళ్ళా పొయ్యి పెట్టుకున్నాం.

తమ్ముడు: ఆ మాట నిజం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల మన కాళ్ళ కింద ఉండేది ఆ బండే. 1872లోనే విలియం కింగ్ అనే దొర కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద గ్రంథం రాసినాడు. ఈ దేశంలో ఎన్ని వంటిండ్లలో కడప బండ ఉండాదో లెక్కలేదు. కానీ దాని గుణం తెలుసుకోవల్ల. అది సున్నపురాయి. పులుపు పడితే ఓర్చుకోదు. ఉగ్గానిలో నిమ్మకాయ పిండి ఆ నిమ్మచెక్క బండ మీద పెట్టి చూడు. తుడిచినాక ఆడ తెల్లగా, గరుకుగా మచ్చ ఉంటాది. రాయి నునుపు ఆ మేరకు కరిగిపోయిందన్నమాట. చింతపులుసుకూ అంతే. పొద్దు మాపు పులుసు తినే ఇంట్లో బల్ల మీద అది రెండేండ్లలో మచ్చలమచ్చలైతాది.

అక్క: మచ్చలు పడితే మళ్ళా పాలిష్ పట్టిస్తా.

తమ్ముడు: ఎట్ల పట్టిస్తావు? ఘనపుటడుగు బండ 75 కిలోలు తూగుతాది. నువ్వు చెప్పిన కొలతకు అంగుళం మందం వేస్తే పైబండ ఒక్కటే 175 కిలోలు. ఒకసారి పెడితే ఇల్లు కూల్చేదాకా ఆడనే. టేకు దాంట్లో నాలుగో వంతు ఉండాది. నువ్వు అడుగుతాండేది బల్ల కాదు, అరుగు.

ఇంతవరకూ తమ్ముడి వైపే తూకం మొగ్గిందని ఒప్పుకోవాలి. గది కొలత, బరువు, రాయి గుణం ఇవన్నీ కళ్ళముందు కనిపించేవి. అక్క దగ్గర ఉన్నది మూడు గంటల దాకా ఆకలి, ఒక పళ్ళెం చారు. కొలత అనే పేరుతో మాట్లాడేటప్పుడు అలాంటివి ఎప్పుడూ వెనక్కి పోతాయి. కానీ తర్వాత తమ్ముడే లెక్క మొదలుపెట్టాడు, ఆ లెక్కలోనే అసలు సంగతి బయటపడింది.

తమ్ముడు: మళ్ళా మొదటికి వద్దాం. పోయిన ఉగాదికి ఎంతమందిమి? బావ, నేను, నీ కొడుకు, అల్లుడు. నలుగురు. పిల్లలు ఐదుగురు. అమ్మ. పది. పది మందికి...

అక్క: నేను యాడుండా?

తమ్ముడు: నువ్వు వడ్డిస్తాంటావు కదక్కా.

అక్క: నీ పెండ్లాము? నా కూతురు? నా కోడలు?

తమ్ముడు: ...

అక్క: పొద్దున్నుంచి పది, పది అంటాండావు. వంట చేసిన నలుగురూ ఆ పదిలో లేము. షాపుకొచ్చి బల్ల అడిగేవాళ్ళతో నువ్వు ఏమడుగుతావు? ఎంతమంది కూచుంటారు అని. నిలబడేవాళ్ళు ఎంతమంది అని అడుగుతావా ఎప్పుడన్నా? నేను 8 అడుగులు ఎందుకడిగినానో ఇప్పుడు చెప్తాండా. మీరు పది మంది తినేదానికి కాదు. మీరు తినేటప్పుడు మేము గూడా కూచునేదానికి.

తమ్ముడు: అట్లైతే పద్నాలుగు. దానికి 8 గూడా చాలదు.

అక్క: పెద్దోళ్ళు తొమ్మిది మంది, పిల్లలు ఐదు మంది. పిల్లలకు ఆ ఎత్తు కుర్చీల కంటే చాప హాయి, వాళ్ళకు మోకాళ్ళ బాధ లేదు. పిల్లల్లో పెద్దది మాత్రం మాతో కూచుంటాది. పది కుర్చీలు. ఇప్పుడు నీ పదే నేను అడుగుతాండా, మనుషులే వేరు.

ఏ ఇంట్లోనైనా బల్ల కొలిచే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని నేను కోరుతున్నాను. ఎంత పెద్ద బల్ల కొన్నా, వండిన మనిషి దాని చుట్టూ తిరుగుతూనే ఉంటే ఆ బల్ల చాలనట్టే. ఆరు కుర్చీల బల్ల ఉన్న ఇళ్ళలో ఐదుగురు కూర్చుని, ఆరో కుర్చీ ఖాళీగా ఉండి, ఇల్లాలు గోడకు ఆనుకుని నిలబడటం నేను ఎన్నో చోట్ల చూశాను. ఆ కుర్చీ మీద ఎవరూ ఆమెను కూర్చోవద్దనలేదు. కానీ అన్నం తపేలా వంటింట్లో ఉంది, పెరుగు ఫ్రిజ్‌లో ఉంది, మజ్జిగ ఎవరో ఒకరు అడుగుతారు. కుర్చీ ఉంటే చాలదు, గిన్నెలు పెట్టుకునే చోటు కూడా బల్ల దగ్గరే ఉండాలి. తమ్ముడు పళ్ళేల మధ్య పది అంగుళాలు అన్నాడే, అది ఇందుకు పనికొచ్చే మాట.

తమ్ముడు: అయితే ఒకటే పెద్ద బల్ల వద్దు. రెండు చేస్తా. ఒక్కొక్కటి 4 అడుగుల 4 అంగుళాల పొడుగు, 3 అడుగుల వెడల్పు. రెండూ ఒకే ఎత్తు, వెంట్రుకవాసి తేడా లేకుండా. రోజూ ఒకటి నీ భోజనాల గదిలో ఉంటాది. 12 అడుగుల గదిలో చుట్టూ మూడేసి అడుగులు వదిలినా దండిగా పడతాది. మీ ముగ్గురికీ, ఇంకొకరు వచ్చినా చాలు.

అక్క: రెండోది?

తమ్ముడు: హాల్లో గోడకు. బిల్లులు, మందులు, ఇస్త్రీ బట్టలు అన్నీ దాని మీద పెట్టుకో. పండగ ముందురోజు అవన్నీ తీసేసి, రెండూ హాల్లోకి తెచ్చి కలిపితే 8 అడుగుల 8 అంగుళాలు. పక్కకు నలుగురు, కొసకు ఒకరు. పది. కాళ్ళు మూలలకు పెడతా. కలిపినప్పుడు మధ్యన నాలుగు కాళ్ళు ఒకచోట చేరతాయి గానీ, రెండో మనిషికీ మూడో మనిషికీ మధ్యలో పడతాయి కాబట్టి ఎవరి మోకాలికీ తగలవు. కింద రెండు కొక్కేలు పెడతా, జరగకుండా. టేకుతో చేస్తే ఇద్దరు ఎత్తొచ్చు. టేకు వద్దంటే బాగా ఆరిన వేప ఉండాది నా దగ్గర.

అక్క: నా బండ?

తమ్ముడు: బండ ఉంటాది. వంటింటి గోడకూ బల్లకూ మధ్యన 5 అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు గట్టు కట్టించు, దాని మీద నీ నల్ల బండ వేయించు. పొయ్యి మీద నుంచి దించిన తపేలా వేడిగా దాని మీదనే పెట్టొచ్చు, చెక్క మీద పెడితే మచ్చ పడతాది. బండను ఎవరూ మోయాల్సిన పని లేదు. పులుసు ఒలికితే వెంటనే తుడువు. అన్నం, పప్పు, సంగటి, పెరుగు, నీళ్ళు అన్నీ ఆడ. అందరూ కూచునేముందు గిన్నెలు బల్ల మధ్యకు వచ్చేయల్ల. ఇంకోసారి కావల్సినోళ్ళు లేచిపోయి పెట్టుకుంటారు.

అక్క: ఒప్పుకుంటా. ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. ఓళిగ పెనం మీద నుంచి నేరుగా పళ్ళెంలోకి రావాలంటారు మీరు. జొన్నరొట్టె గూడా అంతే. అప్పుడు ఒకరు పొయ్యి కాడ నిలబడాల్సిందే, నీ గట్టు ఉన్నా, నీ పది కుర్చీలున్నా.

తమ్ముడు: ముందే కాల్చి పెడితే కాదా? రొట్టెలు కరకరగా ఎండినవి గూడా బాగుంటాయి కదా.

అక్క: రొట్టెలు బాగుంటాయి. ఓళిగ చల్లారితే నువ్వే మొదట అంటావు, నెయ్యి పీల్చుకోలేదని.

తమ్ముడు: అంటా. ఓళిగ వేడిగానే తినల్ల. దాంట్లో నేను తగ్గను.

అక్క: నన్ను తగ్గమని అడగొద్దు. వేడిగా కావల్సినోళ్ళు మారిమారి పెనం కాడ నిలబడండి. ఈ ఉగాదికి నువ్వు.

తమ్ముడు: నాకు తిప్పేది రాదక్కా, చినిగిపోతాది.

అక్క: చినిగితే చినగనీ. ఇన్నేండ్లు మేము తినింది అవే.

తమ్ముడు: సరే, కాలుస్తా. పెనం ముందర మనిషి నిలబడేదానికి 3 అడుగులు వదిలి, గట్టును అటుపక్క గోడకు జరిపి కట్టించు. ఇంక అమ్మను పిలువు. 18 అంగుళాల కుర్చీలో కూచుంటే అమ్మ పాదాలు నేలకు ఆనవని నా అనుమానం. మోకాలి కాడికి కొలిచి, ఆమె కుర్చీ ఒకటి వేరే ఎత్తులో చేస్తా.